వాడు గుద్దాడు, నేనూ గుద్దాను. ఓవల్ రేసుల్లో మీరు ఓపిక ఎలా పడుతున్నారు?

జిరాక్స్_రేసర్ (హనుమకొండ):

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఏమనుకోవద్దు.

నాది కేయూ క్రాస్ రోడ్ దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. ఐరేసింగ్ (కంప్యూటర్‌కు స్టీరింగ్ తగిలించి ఆన్‌లైన్‌లో ఆడే కార్ రేసుల గేమ్) మొదలుపెట్టి నాలుగు నెలలైంది. రోడ్డు రేసులు నాకు పట్టుబడలేదు. ఓవల్, అంటే గుడ్డు ఆకారపు ట్రాక్ మీద రేసు, మాత్రం మొదటిరోజే పట్టేసింది. "ఎడమకు తిప్పుడే గదా, అందులో ఏముంది" అని మా బామ్మర్ది నవ్వేవాడు. ఒకసారి కూర్చోబెట్టాను. మూడో ల్యాప్‌లో గోడకు కరుచుకున్నాడు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అమెరికావాళ్లు రాత్రి ఎనిమిదికి అన్నం తిని రేసుకు కూర్చుంటే మనకు తెల్లారి ఐదున్నర. గ్రిడ్ (రేసుకు నిలబడే కార్ల వరస) నిండేది అప్పుడే. అందుకని నా రేసులన్నీ పాలప్యాకెట్లు వచ్చే వేళకే. స్టాండ్ కొనలేదు. మా ఆవిడ కుట్టుమిషన్ తలను లోపలికి మడిచి, ఆ టేబుల్‌కే స్టీరింగ్ బిగిస్తాను. గట్టిగా తిప్పితే టేబుల్ కూడా నాతోపాటు టర్న్ తీసుకుంటుంది.

అసలు సంగతికొస్తా. పోయిన గురువారం సౌత్ బోస్టన్ అనే ట్రాక్‌లో స్ట్రీట్ స్టాక్ అనే కారుతో రేసు. 0.4 మైళ్ల ట్రాక్, అంటే మన లెక్కలో 650 మీటర్లు కూడా లేదు. తొమ్మిదో స్థానం నుంచి మొదలుపెట్టి ఐదుకు వచ్చాను, నా జన్మలో అదే ఎక్కువ. ఇంకా పదకొండు ల్యాప్‌లున్నాయి. వెనక ఒక నీలం కారు మూడు ల్యాప్‌ల నుంచి నా బంపర్‌కు ముక్కు ఆనించి వస్తోంది. అద్దంలో చూస్తే వాడి గ్రిల్ తప్ప ఏమీ కనబడదు. మూడో టర్న్‌లో స్పాటర్ (పక్కన ఎవరున్నారో చెవిలో చెప్పే గొంతు) "ఇన్‌సైడ్" అని అరిచేసరికి నేను తిప్పేశాను. వాడి ముందు చక్రం నా వెనక చక్రం దగ్గర తగిలింది. నా కారు గిర్రున తిరిగి వీపుతో గోడను కొట్టింది. ఇద్దరికీ నాలుగేసి ఇన్సిడెంట్ పాయింట్లు, అంటే గేమ్ వేసే తప్పుల లెక్క.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ని కాదు. కారు ఇంకా నడుస్తోంది. కింది లేన్‌లో మెల్లగా పోతూ అద్దంలో వాడి కోసం చూశాను. ల్యాప్ ఇరవై సెకన్లు కూడా పట్టదు కాబట్టి ఎక్కువసేపు చూడక్కర్లేకపోయింది. వాడు పక్కకు రాగానే స్టీరింగ్ కుడికి కొట్టాను. వాడితోపాటు వెనకున్న ఇంకో రెండు కార్లూ చితికిపోయాయి. ఆ ఇద్దరికీ దీంతో ఏ సంబంధమూ లేదు. వాళ్లలో ఒకాయన చాట్‌లో "కమాన్, మ్యాన్" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయాడు.

మా అక్క కొడుకు సెలవులకు వచ్చి ఉన్నాడు, పదకొండేళ్లు. నేను రేసు ఆడుతుంటే మంచం మీద దుప్పటి కప్పుకుని చూస్తాడు. వాడు అడిగాడు: "మామా, నువ్వు కావాలనే గుద్దినవ్ గదా?" స్టీరింగ్ జారిందిరా అన్నాను. పిల్లాడితో అబద్ధమాడాను, అది కూడా పొద్దుపొద్దున్నే.

శనివారం వార్నింగ్ మెయిల్ వచ్చింది. ఎవరో ప్రొటెస్ట్ (ఫిర్యాదు) చేశారు, చేయాల్సిందే. 2.50తో మొదలైన సేఫ్టీ రేటింగ్ (ఎంత జాగ్రత్తగా నడుపుతామో చెప్పే మార్కు) ఇప్పుడు 1.74. అది పోతే పోనీ. నేను రోజూ నయీంనగర్ ట్రాఫిక్‌లో బండి నడిపేవాణ్ని, అక్కడ ఎవరు అడ్డం వచ్చినా హారన్ కూడా కొట్టను. స్క్రీన్ ముందు కూర్చుంటే నాకేమవుతోంది? మొదటి తగులుడు తప్పు ఎవరిది? వెనక ముక్కు ఆనించి వచ్చేవాడితో మీరు ఎలా వేగుతారు?

పిట్‌లేన్_పులి (జనగామ):

ఓవర్ థింకింగ్ భయ్. స్టాక్ కార్ అంటేనే రుద్దుకోవడం. నాస్కార్ (అమెరికా స్టాక్ కార్ రేసుల సంస్థ) డ్రైవర్ చాస్టెయిన్ 2022లో మార్టిన్స్‌విల్ ట్రాక్‌లో ఆఖరి ల్యాప్ గోడకు ఆనించి ఐదుగురిని దాటేస్తే లోకమంతా చప్పట్లు కొట్టింది. నువ్వు ఒక్క డ్యాష్ ఇస్తే తప్పా? ముందు గుద్దింది వాడే. ఊరుకుంటే రేపు మళ్లీ గుద్దుతాడు.

హాల్‌రోడ్_డ్రైవర్ (గోదావరిఖని):

పులి తమ్మీ, చాస్టెయిన్ గుద్దింది గోడను, మనిషిని కాదు. ఐదో గేరు వేసి, గోడకు ఆనించి, యాక్సిలరేటర్ వదలకుండా పోయాడు. చిన్నప్పుడు ఆడిన వీడియో గేమ్‌లో నేర్చుకున్నానని అతనే చెప్పాడు. తర్వాతి ఏడు మొదలవకముందే నాస్కార్ ఇక అది కుదరదని చెప్పేసింది. నువ్వు చెప్పినదాంట్లో సగమే ఉంది.

ఇక జిరాక్స్ తమ్మీ. నేను ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతాను, పద్నాలుగేళ్లయింది. ఓవల్ ఆడబట్టి ఆరేళ్లు. ఫస్ట్ షిఫ్ట్ ఏడింటికి కాబట్టి ఐదున్నర రేసు నాకూ అలవాటే.

నీ రీప్లే నేను చూడలేదు, రాసినదాన్నిబట్టి చెబుతున్నా. వాడి ముందు చక్రం నీ వెనక చక్రం దాకే వచ్చిందంటే వాడు ఆలస్యంగా దూరాడు. ఆ చోటు ఇంకా వాడిది కాలేదు. నీ తలుపు దాకా వచ్చి ఉంటే లేన్ వదలడం నీ పని అయ్యేది. కాబట్టి తప్పు ఎక్కువ వాడిదే. కానీ మూడు ల్యాప్‌ల నుంచి అద్దం నిండా గ్రిల్ కనబడుతోందని నువ్వే రాశావు. దూరతాడని నీకు తెలుసు. తెలిసి కూడా వాడికి తలుపు సగం తెరిచి పెట్టి, వచ్చేటప్పుడు మూశావు. మూస్తే టర్న్‌కు ముందే పూర్తిగా మూయాలి, లేదంటే తెరిచే ఉంచాలి.

తెరిస్తే ఏమవుతుందో రేపు ప్రాక్టీసులో చూడు. అలా ఆలస్యంగా దూరినవాడు లోపలి గీతకు అంటుకుని, ఎక్కువ వేగంతో వస్తాడు. కారు అక్కడ నిలవదు. టర్న్ దిగే చోటుకు వచ్చేసరికి ముక్కు పైకి జారుతుంది. నువ్వు చేయాల్సింది ఏంటంటే, వాడు దూరుతున్నాడని తెలియగానే కొంచెం ముందే బ్రేక్ తొక్కు, స్టీరింగ్ తిప్పడానికి తొందరపడకు. వాణ్ని నీ ముందు నుంచి పైకి పోనివ్వు. అప్పుడు తిప్పు. వాడు ఖాళీ చేసిన కింది లేన్‌లో నీ కారు నిటారుగా ఉంటుంది, వాడు ఇంకా స్టీరింగ్ సర్దుకుంటూ ఉంటాడు. సగం స్ట్రెయిట్ దాటేలోపు వాడి తలుపు పక్కన ఉంటావు. దీన్ని క్రాస్ ఓవర్ అంటారు. నాకిది రావడానికి రెండు నెలలు పట్టింది, ఎందుకంటే చేతులు వినేవి కావు. ఎదుటివాడు దూరగానే చేతులు వాటంతటవే వాడి మీదికి తిరిగేవి.

నీకు క్రాస్ ఓవర్ కుదరకపోయినా నష్టం ఒక్క స్థానం. ఇంకా పదకొండు ల్యాప్‌లున్నాయి కదా. అలా తోసుకుంటూ నడిపేవాడి కుడి ముందు టైరు ఊరికే వేడెక్కుతుంది. బరువంతా దాని మీదే పడేది. నాలుగైదు ల్యాప్‌లయ్యాక తిరగనని మొరాయిస్తుంది. అప్పటిదాకా వెనక ఒక కారు దూరం వదిలి, మెత్తగా తిప్పుకుంటూ పో. నేను గెలిచిన కొద్ది రేసుల్లో సగం ఇట్లా ముందువాళ్ల టైర్లు అయిపోయాక దొరికినవే.

మా గనిలో హాల్‌రోడ్ మీద ఓవర్‌టేక్ అనే మాటే లేదు. ముందు డంపర్ ఎంత మెల్లగా పోతే అంత మెల్లగా వెనకే పోవాలి. లోడుతో వచ్చేదానికి ఖాళీది దారివ్వాలి. కొత్తలో నాకు పిచ్చెక్కేది. ఇప్పుడు ముందు పోయేవాడు ఎక్కడ గేరు మారుస్తాడు, ఏ మలుపులో భయపడతాడు అన్నీ చూస్తూ పోతాను. రేసులో కూడా అదే పని. నీ వెనకున్నవాడు మూడు ల్యాప్‌లు నిన్ను చదివాడు తమ్మీ, నువ్వు వాణ్ని చదవలేదు.

ఇంకోటి. గిర్రున తిరిగాక బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని ఉండు, కారు ఎక్కడ ఆగితే అక్కడే. వెనకొచ్చేవాళ్లు నిన్ను తప్పించుకునేది నువ్వు కదలకుండా ఉంటేనే. సర్దుకుందామని ముందుకో వెనక్కో దొర్లావంటే తప్పించుకోబోయినవాడే నీకు తగులుతాడు. తిరిగి ట్రాక్ ఎక్కేటప్పుడు అందరూ పోయేదాకా ఆగు. ఇరవై సెకన్లు కూడా పట్టదని నువ్వే అన్నావు.

తిరిగి గుద్దడం గురించి నేను చెప్పేదేముంది, మీ అల్లుడు చెప్పేశాడు.

రేపు గేమ్‌లో లైసెన్సు పెరిగితే డేటోనా, టల్లడేగా లాంటి పెద్ద ట్రాక్‌లు వస్తాయి. టల్లడేగా 2.66 మైళ్లు, టర్న్‌లు 33 డిగ్రీల వాలు. బ్రేక్ ముట్టుకునే పని ఉండదు. ముప్పై కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతాయి. జాతరప్పుడు పస్రా దాటాక మేడారం దారిలో బస్సుల వెంట కారు నడిపావా? ముందు బస్సును చూసి నడిపితే అయిపోయినట్టే, దాని ముందు మూడో బస్సును చూడాలి. అక్కడ కూడా అంతే. ముందువాడిని నెట్టాలంటే స్ట్రెయిట్‌లో, బంపర్ మధ్యలో, మెల్లగా. టర్న్‌లో మూలకు తగిలించావో, నీ వెనక పాతిక మంది ఉదయం, అదే వాళ్ల రాత్రి, పాడవుతుంది.

ఫైబర్_తీగ (కరీంనగర్):

ఖని అన్న చెప్పినదానికి చిన్న జోడింపు. నేను ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్లు వేస్తాను, కాబట్టి నా చూపు అటే పోతుంది. జిరాక్స్ అన్నా, నీ పింగ్ (సర్వర్‌కు సమాచారం పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎంత? అమెరికా సర్వర్ అయితే నాకు 230 నుంచి 260 దాకా చూపిస్తుంది.

నీకు పక్కన కనిపించే కారు నిజంగా అక్కడున్న కారు కాదు. దాని సమాచారం నీ దగ్గరికి వచ్చేలోపు ఎక్కడుంటుందో సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా అది. తిన్నగా పోతున్నప్పుడు అంచనా బాగానే కుదురుతుంది. వాడు ఉన్నట్టుండి బ్రేక్ తొక్కినా, స్టీరింగ్ కొట్టినా తప్పుతుంది. సౌత్ బోస్టన్‌లో సెకనుకు 35 మీటర్లు పోతున్నావనుకో, 200 మిల్లీసెకన్లకు ఏడు మీటర్లు. కారు పొడవు కన్నా ఎక్కువ! నీలం కారువాడి స్క్రీన్‌లో వాడి ముక్కు నీ తలుపు పక్కనే ఉండి ఉండొచ్చు. నీ స్క్రీన్‌లో వెనక చక్రం దగ్గర ఉంది. ఇద్దరూ నిజమే చెబుతారు.

అందుకే ఇన్సిడెంట్ పాయింట్లు ఇద్దరికీ పడేది. తప్పెవరిదో తేల్చే పని ఆ లెక్క పెట్టుకోదు. ట్రాక్ దిగితే ఒకటి, అదుపు తప్పినా గోడ తగిలినా రెండు, కారును కారు గట్టిగా తగిలితే నాలుగు, అంతే. మనలా దూరం నుంచి ఆడేవాళ్లు పక్కన జానెడు కాదు, అరకారు వదలాలి. వైఫై మీద ఆడుతుంటే ముందు అది మాని కేబుల్ గుచ్చు. వెనక గదిలో రూటర్, ముందు గదిలో సిస్టమ్ పెట్టుకుని ల్యాగ్ అంటూ ఫోన్ చేసేవాళ్లు నాకు వారానికి నలుగురు తగులుతారు.

నర్సంపేట_నాలుగో_టర్న్ (వరంగల్):

అన్నా, మీరు అల్లుడితో అబద్ధమాడానని రాసింది చదివి నవ్వొచ్చింది, పాపం కూడా అనిపించింది.

నేను పీజీ చదువుతున్నా, మా అన్నయ్య స్టీరింగ్ మీద ఆడతాను. అందరూ డ్రైవింగ్ చెబుతున్నారు, నేను నోటి గురించి చెబుతా. మైక్ ఆన్ చేసి మొదటిసారి "ఇన్‌సైడ్ వస్తున్నా" అన్నప్పుడు అమ్మాయి గొంతు విని ఇద్దరు ఏమేమో కూశారు. ఆ రోజే ఇద్దరినీ మ్యూట్ చేశాను, రేసు ఆపలేదు. అప్పటి నుంచి రేసు మొదలవగానే వాయిస్ చాట్ తీసేస్తాను. నాకు స్పాటర్ చాలు. మీక్కూడా అదే చెబుతా, ఎందుకంటే గుద్దిన వెంటనే నోటికి వచ్చేది ఎవరికీ మంచిది రాదు.

పెద్దవాళ్లకే తప్పలేదు. 2020లో కోవిడ్‌కు రేసులు ఆగిపోతే నాస్కార్ డ్రైవర్లంతా ఐరేసింగ్‌లో టీవీ కోసం పోటీపడ్డారు గుర్తుందా? ఏప్రిల్‌లో బ్రిస్టల్ రేసులో బబ్బా వాలెస్ గుద్దించుకుని కోపంతో మధ్యలో వెళ్లిపోయాడు. స్పాన్సర్ అతన్ని వదిలేసింది. వారం తిరిగేసరికి కైల్ లార్సన్ తన స్పాటర్ ఒక్కడికే వినబడుతుందనుకుని మైక్‌లో జాతి దూషణ మాట అన్నాడు. అందరికీ వినబడింది. నాస్కార్ సస్పెండ్ చేసింది, టీమ్ ఉద్యోగం తీసేసింది. గేమే కదా అనుకుంటాం. అదే గేమ్‌లో ఓవల్ నేర్చుకుని ఆ తర్వాత నిజం కారెక్కిన విలియం బైరన్ 2024లోనూ 2025లోనూ డేటోనా 500 అనే పెద్ద నాస్కార్ రేసు గెలిచాడు.

నేను స్టీరింగ్ మీద ఒక బటన్‌కు "సారీ, నా తప్పు" అని టెక్స్ట్ పెట్టుకున్నా. తగిలిన రెండు సెకన్లలో నొక్కేస్తా. తప్పు నాదో కాదో తర్వాత రీప్లేలో చూసుకుంటా. చాలాసార్లు నాదే అని తేలింది, అది వేరే సంగతి.

మీరు ఆ ముగ్గురికీ మెసేజ్ పెట్టండి. నీలం కారుకు కూడా. ఒక్క లైను చాలు. "కానీ నువ్వు ముందు..." అని మాత్రం కలపొద్దు.

పిట్‌లేన్_పులి (జనగామ):

చెల్లె బటన్ ఐడియా బాగుంది. నేను ఇంకో బటన్‌కు ఇంకేదో పెట్టుకున్నా, అది ఇక్కడ రాయలేను.

జిరాక్స్_రేసర్ (హనుమకొండ):

ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోవద్దు. డిగ్రీ అడ్మిషన్ల సీజన్, షాపులో ఊపిరాడలేదు.

ముగ్గురికీ మెసేజ్ పెట్టాను. "కానీ" మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు కొట్టేశాను, చెల్లె ముందే చెప్పింది కాబట్టి. వెనకొచ్చిన ఇద్దరిలో ఒకాయన బొటనవేలు బొమ్మ పంపాడు, ఇంకొకాయన ఏమీ అనలేదు. నీలం కారాయన నుంచి మాత్రం పెద్ద జవాబు వచ్చింది. ఒహాయోలో ఉంటాడట, అరవై రెండేళ్లు, రిటైరయ్యాడు. తన స్క్రీన్‌లో నా తలుపు దాకా వచ్చానని, రీప్లే చూస్తే తనకే సందేహం వచ్చిందని రాశాడు. ఫైబర్ తమ్మీ, నువ్వు చెప్పింది అక్షరాలా అదే. నేను వాడు వాడు అని రాసింది మా నాయన వయసు మనిషిని.

బుధవారం ఆయన పేరే గ్రిడ్‌లో కనబడింది. నేను క్వాలిఫైయింగ్ (ముందు వరసలో చోటు కోసం టైం పెట్టే ల్యాప్) చేయకుండా వెనక నుంచి మొదలుపెట్టాను. మొదటి రెండు ల్యాప్‌లలో ముందు ఆరు కార్లు ఒకదాన్నొకటి తిన్నాయి, నేను పక్క నుంచి నడిచిపోయాను. పదిహేనో ల్యాప్ దగ్గర ఒకడు ముక్కు ఆనించాడు. ఖని అన్న చెప్పినట్టు తలుపు తెరిచాను. ముందే బ్రేక్ తొక్కాను, చేతులు వణికాయి కానీ తిప్పలేదు. వాడు పైకి జారాడు. నేను కిందకు వచ్చాను... రావడం వరకే. యాక్సిలరేటర్ తొందరపడి నొక్కేసి వెనక చక్రాలు జారి మళ్లీ వాడి వెనకే తేలాను. కానీ తగల్లేదు. ఇద్దరం ముందుకే పోయాం.

ఏడో స్థానం. ఇన్సిడెంట్లు సున్నా. నా జన్మలో మొదటిసారి. గెలిచినట్టు గంతేసి అల్లుడి వైపు తిరిగితే వాడు దుప్పట్లో ఎప్పుడో నిద్రపోయాడు. ఎవరూ ఎవర్నీ గుద్దుకోకపోతే ఏం చూస్తాడు వాడు. లేచాక పోయినసారి కావాలనే గుద్దానని చెప్పాను. "నాకు తెల్సు" అని పళ్లు తోముకోవడానికి పోయాడు.

ఇక అందరూ ఉన్నారు కాబట్టి ఇంకొకటి అడుగుతా. ఈ కుట్టుమిషన్ టేబుల్ ఊగకుండా ఏం చేయాలి? గట్టిగా తిప్పినప్పుడల్లా నాలుగంగుళాలు ఎడమకు జరుగుతోంది. మా ఆవిడ నేల మీద గీతలు చూసింది.

హాల్‌రోడ్_డ్రైవర్ (గోదావరిఖని):

లారీ టైర్ పాత ట్యూబ్ దొరికితే అరచేతంత ముక్కలు కోసి నాలుగు కాళ్ల కింద పెట్టు. పంక్చర్ షాపువాడు ఊరికే ఇస్తాడు. పెడల్స్ వెనక గోడకు ఒక చెక్క అడ్డం పెట్టు, కాలితో తన్నినప్పుడు జరిగేది అవే, టేబుల్ కాదు. యాక్సిలరేటర్ సంగతి ఆదివారం చూద్దాం, ఐదింటికే ప్రాక్టీస్ రూమ్ తెరుస్తా. ఒహాయో పెద్దాయన్ని కూడా పిలువు.